సేవ్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడొద్దు

నాకు మా అమ్మ గొంతు తెలియదు. ఇదేదో దుఃఖంతో చెబుతున్న మాట అనుకోకండి. పుట్టుకతో వాసన తెలియనివాడు పూలకొట్టు ముందు నుంచి రోజూ నడిచిపోయినట్టు నేనూ ఇన్నాళ్లూ నడిచిపోయాను. ఆవిడ పోయేనాటికి నాకు రెండేళ్లు నిండలేదు. ఫొటోలు మూడున్నాయి. మూడింటిలోనూ నోరు మూసుకునే ఉంది.

అందుకని, నలభై మూడేళ్లు వచ్చాక ఒక మధ్యాహ్నం అక్క ఆఫీసుకు ఫోన్ చేసి "అమ్మ గొంతు దొరికిందిరా" అంటే, "ఎక్కడ?" అని అడిగాను. పోయిన గొడుగు దొరికిందన్నా అలాగే అడిగేవాణ్ణి.

"ఇల్లు మారుతున్నాం కదా, అటక మీదవన్నీ దించాం. చెప్పుల డబ్బాలో ఒక క్యాసెట్టు ఉంది. మీద నా చేతిరాత. ‘చెడిపోయింది’ అని రాసుంది."

"చెడిపోయాక ఇంకేముంటుందే అందులో?"

"అది చెడిపోయిందే అమ్మ మాట్లాడబట్టిరా, మొద్దూ!"

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. బడిలో లెక్కలు చెబుతుంది. నన్ను పెంచింది ఆవిడే. ఫోన్లో కూడా చివరి బెంచీ వాడికి వినపడేలా మాట్లాడుతుంది కాబట్టి, నేను ఫోన్ చెవికి జానెడు దూరంలో పట్టుకుని వింటాను.

ఆ క్యాసెట్టు కథ నాకు కొత్తది కాదు. ఇతర పిల్లలకు రాజుల కథలు చెప్పి నిద్రపుచ్చితే, అక్క నాకు కంప్యూటర్ కథ చెప్పి నిద్రపుచ్చేది. నాన్న ఒక ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. ప్రెస్సు యజమాని కొడుక్కి మోజు తీరిపోయిన కంప్యూటర్ ఒకటి మూల పడి ఉంటే, "మీ అమ్మాయి తెలివిగలది కదా, తీసుకెళ్లు" అని ఇచ్చేశాడట. లావుపాటి పుస్తకమంత బూడిద రంగు డబ్బా. రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద ఒక తెల్ల చదరం మిణుకుమిణుకుమంటూ మన కోసం ఎదురుచూస్తుంది. దాని జ్ఞాపకశక్తి మొత్తం పదహారు కిలోబైట్లు. ఇవాళ పొద్దున్నే మా మేనమామ నా ఫోన్‌కు పంపిన గుడ్‌మార్నింగ్ గులాబీ పువ్వు దానికి ఇరవై రెట్లుంటుంది. పువ్వును నేను చూడకుండానే తీసేశాను.

ఆ డబ్బాకు కరెంటు తీసేస్తే అంతా మర్చిపోతుంది. వారం రోజులు కూర్చుని కొట్టిన ప్రోగ్రాం ప్లగ్గు పీకగానే గాలికి పోతుంది. పోకుండా ఉండాలంటే క్యాసెట్టులోకి ఎక్కించుకోవాలి. పాటలు వినే మామూలు క్యాసెట్టే. కంప్యూటర్ తన దగ్గరున్నదంతా కీచుమనే చప్పుడుగా మార్చి అరుస్తుంది, టేప్ రికార్డర్ ఆ అరుపును రాసుకుంటుంది. మళ్లీ కావలసినప్పుడు ఆ అరుపును కంప్యూటర్‌కు వినిపిస్తే అది తన సంగతి తాను గుర్తు తెచ్చుకుంటుంది.

అందరూ ఈ పని వైరుతో చేసుకునేవారు. మా ఇంట్లో టేప్ రికార్డర్‌కు ఇయర్‌ఫోను కన్నం ఒక్కటే ఉండేది. లోపలున్నది బయటికి వినిపించుకోవచ్చు గానీ, బయటిది లోపలికి పంపడానికి దారి లేదు. ఉన్నదల్లా ముందు వైపు జల్లెడ లాంటి చిన్న మైకు. కాబట్టి అక్క టీవీ గొంతు పూర్తిగా పెంచి, దాని ఎదురుగా స్టూలు వేసి, స్టూలు మీద టేప్ రికార్డర్ పెట్టి, ఆ అరుపును గాలిలోంచే పట్టుకునేది. గాలిలోంచి పడుతున్నప్పుడు ఇంట్లో ఇంకే చప్పుడు కలిసినా ప్రోగ్రాం పాడైపోతుంది. అది ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టేది.

ఆ నాలుగు నిమిషాలూ ఇంటికి మౌనవ్రతమే. ఫ్యాను ఆగిపోవాలి. గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాలి. నాన్నకు కాగితాల దుమ్ముతో దగ్గు ఉండేది కాబట్టి ఆయన్ను వీధిలోకి గెంటేసేవారు. "ఏంటండీ, బయట నిలబడ్డారు?" అని పక్కింటివాళ్లు అడిగితే "లోపల సేవ్ అవుతోందండీ" అనేవాడట, పురుడు జరుగుతున్న ఇంటి ముందు నిలబడినంత సీరియస్‌గా. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి వంటింటి గడప మీద కూర్చునేది. అక్క చూపుడువేలు పైకెత్తి గది మధ్యలో నిలబడేది. ఇంటికి పెద్ద ఎవరైనా, ఆ నాలుగు నిమిషాల రాజ్యం మాత్రం పదమూడేళ్ల పిల్లది.

ఒకరోజు మూడో నిమిషంలో అమ్మ మాట్లాడింది.

"ఏమందో గుర్తు లేదురా" అని అక్క ఈ కథ చెప్పిన ప్రతిసారీ అనేది. "నేను తెర వైపు చూస్తున్నాను. పాలు పొంగుతున్నాయందో, ఎవరో వచ్చారందో. నేను మాత్రం అరిచేశాను. నీ వల్ల మొత్తం పోయింది, నీకేం తెలుసు, అని. ఆ తర్వాత సేవ్ చేసేటప్పుడల్లా అమ్మ పెరట్లోకి వెళ్లి కూర్చునేది."

ఆ వానాకాలం దాటకముందే అమ్మ జ్వరంతో పోయింది. అక్క ఆ ప్రోగ్రాంను వేరే క్యాసెట్టులోకి బాగానే ఎక్కించుకుంది. దాని మీద నాన్న పాటలు రికార్డు చేశాడు. ఆ పాటల మీద ఇంకెవరో పెళ్లి సందడి రికార్డు చేశారు. మంచి క్యాసెట్లన్నీ అలా వాడకంలో అరిగిపోయాయి. పనికిరాదని విసిరికొట్టిన ఒక్కటే మిగిలింది.

"ఆ మాటేంటో నాకు వినాలని ఉందిరా" అంది అక్క ఆవేళ ఫోన్లో. కాస్త ఆగి, "నువ్వు కూడా ఒక్కసారి వినాలి. నీకు ఆవిడ గొంతు తెలీదు కదా" అంది.

సరేనన్నాను. పాత సరుకును కొత్త డబ్బాల్లోకి మార్చడం నా వృత్తే కాబట్టి ఆ పని నా నెత్తిన పడడం న్యాయమే.

నేనొక పెద్ద ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో ఉంటాను. నేలమాళిగలోంచి పాత రోగుల కాగితాలు బండ్ల మీద వస్తాయి. స్కాన్ చేస్తాం, సరిచూస్తాం, ముద్ర వేస్తాం, కాగితాన్ని ముక్కలు చేసే మిషన్‌లోకి తోస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నేను చేరినప్పుడు ఆసుపత్రి జ్ఞాపకాలన్నీ ఫ్లాపీల్లో ఉండేవి. వాటిని సీడీల్లోకి మార్చి ఫ్లాపీలను విరిచేశాం. సీడీలు గీతలు పడుతున్నాయని హార్డ్ డిస్కుల్లోకి మార్చి సీడీలను విరిచేశాం. ఇప్పుడు అదంతా ఎక్కడో దూరాన ఎవరిదో గోడౌన్‌లో ఉంది, దాన్ని మబ్బు అంటున్నారు. మారిన ప్రతిసారీ కిందటిది చంపెయ్యాలన్నది మా ఆఫీసు రూలు. మావాళ్లు నన్ను చిత్రగుప్తుడంటారు. ఆయన రాసి దాచేవాడు, నేను చింపి పారేసేవాణ్ణి, ఆ తేడా వాళ్లకు పట్టదు. ఎవరెవరివో చివరి రోజుల కాగితాలు చేతిలోంచి పోతుంటే మొదట్లో చదివేవాణ్ణి. తర్వాత పేజీ వంకరగా ఉందా లేదా అన్నదొక్కటే చూడడం అలవాటైంది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. నాన్న పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను మరణ ధ్రువపత్రం మీద ముద్ర సరిగ్గా పడిందో లేదో చూశాను.

క్యాసెట్టు బాగుచేసే దుకాణం ఒక పాత భవనం రెండో అంతస్తులో, పళ్ల డాక్టరుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఉంది. దాన్ని నడిపే మనిషికి యాభై దాటి ఉంటాయి. లావుపాటి మీసం, గొంతు బొంగురు, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. చుట్టుపక్కల వాళ్లు ఆయన్ను చెవుల డాక్టరు అంటారు. ఆయన క్యాసెట్టును వెలుతురుకు ఎత్తి, తిప్పి, వాసన చూసి, పెదవి విరిచాడు.

"బూజు పట్టింది సార్. ఒక్కసారి తిరుగుతుందేమో. రెండోసారి మీద ఆశ పెట్టుకోకండి. ఏముంది ఇందులో?"

నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకతను పెళ్లి వీడియో తెచ్చాడు, ఒకావిడ తడిసిన ఫోన్ తెచ్చింది. నెత్తిన నెరిసిన వెంట్రుకలున్నవాణ్ణి, వాళ్ల ముందు "మా అమ్మ గొంతు" అనడానికి నాకు నోరు రాలేదు. "పాత కంప్యూటర్ ప్రోగ్రాం" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "టేపు మీద ప్రోగ్రామా! ఎన్నేళ్లయింది సార్ అలాంటిది చూసి! నా మొదటి కంప్యూటర్ కూడా అలాంటిదే. అమ్మానాన్నలు పెళ్లిచూపులకు తీసుకెళ్తే కూడా నేను దాని గురించే మాట్లాడానంటే నమ్మండి" అంటూ ఒక ఫారం నా వైపు తోశాడు.

మూడు ప్రశ్నలున్నాయి. ఉన్నదున్నట్టు కావాలా, శుభ్రం చేసి కావాలా? శుభ్రం చేసి, అని టిక్కు పెట్టాను. గొంతు శుభ్రంగా వినిపిస్తుంది కదా అనుకున్నాను. పని పూర్తయ్యాక క్యాసెట్టు ఏం చేయాలి? ముడి రికార్డింగు దాచాలా, తీసేయాలా? ఈ రెండూ నేను చదవను కూడా చదవలేదు. ఇరవై రెండేళ్లుగా రోజుకు రెండు వందలసార్లు ఇలాంటి గళ్లు నింపిన చెయ్యి నాది. తీసేయండి, తీసేయండి, అని రెండు టిక్కులు పెట్టి సంతకం చేసి వచ్చేశాను.

పదిహేను రోజులపాటు అక్క రోజూ ఫోన్ చేసింది. "ఏమైందిరా?" "చేస్తున్నాడు." "ఏమంటున్నాడు?" "చేస్తున్నానంటున్నాడు." నాకు ఆత్రం లేదు. ఆత్రం ఉన్న మనిషి పక్కన లేనివాడు కాస్త దొంగలా కనిపిస్తాడు కాబట్టి, నేనూ ఒకట్రెండుసార్లు నిట్టూర్చాను.

పదహారో రోజు చెవుల డాక్టరే ఫోన్ చేశాడు. వెళ్లేసరికి బల్ల మీద సరిగ్గా అక్క వర్ణించిన డబ్బాయే ఉంది. బూడిద రంగు, రబ్బరు మీటలు. తన సొంత పెట్టెలోంచి తీశాడట. పక్కన పాత టీవీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆపరేషన్ చేసిన డాక్టరు బిడ్డను చూపించినట్టు మీట నొక్కాడు.

తెర మీద రెండు బ్రాకెట్ల మధ్య ఒక గీత వచ్చింది. అది బస్సు. కింద చుక్కలు వచ్చాయి. అవి ప్రయాణికులు. బస్సును ఆపితే చుక్క ఎక్కుతుంది, ఆపకపోతే "అయ్యో" అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. మా అక్క పదమూడేళ్లప్పుడు చేసిన ఆట. నేను నాలుగు చుక్కలను ఎక్కించుకున్నాను, రెండింటిని వదిలేశాను.

"ఎంత కష్టమైందో తెలుసా సార్? క్యాసెట్టు ఒక్కసారే తిరిగింది. తిరుగుతుండగానే దాని మీద పూత పాత గోడ సున్నంలా రాలిపోయింది. అయినా పట్టేశాను. ఇంకో తమాషా, ఇది వైరుతో చేసింది కాదు, మైకుతో చేసింది! గాలిలోంచి! నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. సరిగ్గా మూడో నిమిషంలో ఎవరో ఆడమనిషి మాట్లాడింది సార్. ప్రోగ్రాంకు అక్కడే దెబ్బ. ఆ మాటను పొర పొరగా ఒలిచి తీసేశాను. అయినా పదకొండు అక్షరాలు కలవలేదు. అవి నేనే ఊహించి వేశాను. ఇప్పుడు చూడండి, అద్దంలా నడుస్తోంది!"

"ఆ మాట తీసేశారా?"

"పూర్తిగా. కావాలంటే వినండి, ఒక్క గరగర కూడా ఉండదు."

"తీసేయకముందు ఉన్నదీ..."

ఆయన ఫారం బయటికి తీశాడు. నా సంతకం, నా టిక్కులు, మూడూ గళ్ల మధ్యలో, ఎక్కడా గీత దాటకుండా ఉన్నాయి. ముడి రికార్డింగును నిన్న సాయంత్రమే తీసేశాడు. క్యాసెట్టు ముక్కలు చెత్త బండి వాడు పొద్దున పట్టుకుపోయాడు.

"అది మా అమ్మండీ" అన్నాను. "ప్రోగ్రాం కోసం కాదు, దాని కోసమే తెచ్చాను."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ముందే చెప్పొచ్చు కదా సార్" అన్నాడు, తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు. "ఒక్క మాట చెప్పుంటే ప్రోగ్రాంను తగలేసి ఆవిణ్ణి ఉంచేవాణ్ణి కదా."

నాకు ఏమీ అనిపించలేదు. గొప్ప కోసం అనడం లేదు, నిజంగానే లోపల వెతికాను, ఏమీ లేదు. తెర మీద బస్సు ఆగి ఉంది, చుక్కలు వచ్చి పోతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు చేతకాదు. అక్కకు ఏం చెప్పాలన్న భయం మాత్రం కొద్దిగా కదిలింది.

లేవబోతూ అడిగాను. "ఏమంది?"

"ఎవరు సార్?"

"మా అమ్మ. మీరు విన్నారు కదా."

ఆయన తల ఊపాడు. "వినడమా! ముప్పై, నలభైసార్లు విని ఉంటాను. వినకుండా కొయ్యడం కుదరదు కదా." గొంతు సవరించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ లావుపాటి మీసం మనిషి తన బొంగురు గొంతుతో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు:

"అమ్మలూ, కోప్పడకే. వీడు మెట్ల దాకా పాకేశాడు."

తర్వాత కళ్లు తెరిచాడు. "అంతే సార్. ఆ వెంటనే ఒక ఆడపిల్ల పెద్దగా అరిచింది. దాని వెనక చంటిపిల్ల నవ్వు. అది తియ్యడానికే నాకు మూడు రోజులు పట్టింది. ప్రోగ్రాం కీచుమనే ఎత్తులోనే నవ్వుతున్నాడు వెధవ." అన్నాక నా మొహం చూసి, ఆ వెధవ ఎవరో ఆయనకు అర్థమైంది. "క్షమించండి" అన్నాడు.

అప్పుడే అక్క ఫోన్ వచ్చింది. దాచే ఓపిక లేక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫారం, టిక్కులు, చెత్త బండి, అన్నీ.

"ఏమందట?" అంది అక్క.

ఫోన్ స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టి, చెవుల డాక్టరు వైపు చూశాను. ఆయన ఇబ్బందిగా ముందుకు వంగి, ఫోనుకు మొక్కినట్టు చేతులు జోడించి, ఆ రెండు ముక్కలూ మళ్లీ అన్నాడు.

"మెట్ల దాకానా" అంది అక్క. "ఆ ఇంటి మెట్లకు పిట్టగోడ కూడా లేదు. వీడి కోసమా మాట్లాడింది? నేనేమో నీకేం తెలుసని..." ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత, పిల్లల తప్పు దిద్దేటప్పటి పట్టుదలతో, "కానీ అలా కాదండీ. మీరు గబగబా అనేస్తున్నారు. అమ్మ అలా అనదు. ‘అమ్మలూ’ దగ్గర కొంచెం సాగదీస్తుంది. ‘కోప్పడకే’ అన్నప్పుడు గొంతు కిందికి దిగిపోతుంది. ఇలాగ" అని, తన గొంతు బాగా తగ్గించి, గుసగుసగా అంది:

"అమ్మలూ... కోప్పడకే. వీడు మెట్ల దాకా పాకేశాడు."

చెవుల డాక్టరు ఒక్కసారిగా నిటారుగా లేచాడు. మెడలో ఉన్న హెడ్‌ఫోన్లను పట్టుకున్నాడు, అవి చెవులకు లేవని తెలిసి వదిలేశాడు.

"ఎవరు సార్ ఈవిడ?"

"మా అక్క."

"ఇదే సార్" అన్నాడు. "పదిహేను రోజులు నేను కోసింది ఈ గొంతునే. ఒట్టు. వెంట్రుకవాసి తేడా లేదు."

చెప్పులు వేసుకోమని చెప్పిన గొంతు. ఎక్కాలు తప్పితే తొడపాశం పెడతానని బెదిరించిన గొంతు. నాన్న పోయినరోజు ఏ కాగితం ఎక్కడుందో చెప్పిన గొంతు. నలభై ఏళ్లు నేను జానెడు దూరాన పట్టుకుని విన్న గొంతు. ఫోన్ బల్ల మీది నుంచి తీసి, స్పీకర్ ఆపి, చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"అక్కా."

"ఊఁ."

"ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడనురా? ఉన్న ఒక్క మాటా పోగొట్టావు, ఇంకేం మాట్లాడను నీతో?" అంది, ఏడుస్తూనే. "చదవకుండా టిక్కులు పెట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు? చిన్నప్పుడూ ఇంతే. లెక్క పూర్తిగా చదవకుండానే జవాబు రాసేవాడివి. అమ్మ గొంతు అని ఒక్క మాట అనడానికి నీకు సిగ్గేంట్రా, దొంగతనం చేశావా..."

తిడుతూనే ఉంది. మధ్యలో ఎక్కడ ఆగినా నేను "ఊఁ" అన్నాను, ఇంకా తిట్టాలని.